పెంపుడు బిడ్డ: అల్లాహ్ అప్పగించిన అమానతు

జుమా ప్రసంగం – నేరేడుచర్ల

మొదటి ప్రసంగం

మనల్ని సృష్టించి, తల్లి ఒడిని మనకు తొలి ఆశ్రయంగా ప్రసాదించిన అల్లాహ్‌కు సకల స్తోత్రాలు. తండ్రి ముఖం చూడకుండానే ఈ లోకంలోకి వచ్చి, అనాథలకు అండగా నిలిచిన అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!

గౌరవనీయులైన పెద్దలారా! ప్రియ సోదరులారా! ఇంటివద్ద ఈ ప్రసంగ పాఠాన్ని చదివే తల్లులారా, సోదరీమణులారా!

ముందుగా మాకు మేము, ఆ తరువాత మీకు దైవభీతిని గురించి హితవు చెప్పుకుంటున్నాం. దైవభీతి నమాజు చాప మీద మొదలై, మన ఇంటి కాగితాల దాకా, మన మాటల దాకా, మన చేతికింద పెరిగే పసిపిల్లల దాకా రావాలి. నేటి మన అంశం అలాంటిదే. తన కడుపున పుట్టని బిడ్డను మరొక దేశంనుంచి తెచ్చుకొని పెంచడం గురించి, తన బిడ్డను మరొక దేశానికి పెంపకానికి ఇవ్వడం గురించి మన ధర్మం ఏమంటున్నదో చూద్దాం.

ఇది నేరేడుచర్లకు పట్టని సంగతి అని ఎవరూ అనుకోరాదు. మన ఊళ్ళ పిల్లలు నేడు దుబాయిలోను, జెద్దాలోను, అమెరికాలోను కాపురాలు చేసుకొంటున్నారు. సంతానం కలగని అన్న అక్కడినుంచి ఇక్కడి తమ్ముణ్ణి, "మీకు ముగ్గురున్నారు, ఒకరిని మా చేతిలో పెట్టండి" అని అడిగే సందర్భాలు వస్తాయి. యుద్ధాల వార్తలు విని, "ఆ దేశపు అనాథ శిశువు నొకరిని తెచ్చుకొని పెంచితే పుణ్యం కాదా?" అని అడిగే యువకులు ఉంటారు. ఈ రెండు ప్రశ్నలూ దయలోనుంచి పుట్టినవే. అయితే దయకు కూడా అల్లాహ్ హద్దులు ఏర్పరిచాడు. ఆ హద్దులు బిడ్డ మేలు కోసమే.

సోదరులారా! ఖుర్ఆన్‌ను శ్రద్ధగా చదివేవారికి ఒక విషయం తడుతుంది. కన్నవారికి దూరమై, పరాయి గడ్డమీద, పరాయి ఇంట పెరిగిన పిల్లల గాథలు అందులో ఉన్నాయి.

మొదటివారు హజ్రత్ యూసుఫ్ (అలై). అన్నలు ఆయనను బావిలో పడవేశారు. దారిన పోయే వర్తకులు పైకి తీసి, కొద్దిపాటి వెండి నాణేలకు ఈజిప్టులో అమ్మారు. కొన్న పెద్దమనిషి తన భార్యతో, ఈ బాలుణ్ణి గౌరవంగా చూడమనీ, బహుశా కొడుకుగా చేసుకోవచ్చుననీ అన్నాడు. ఇల్లు మంచిదే, తిండికీ బట్టకూ లోటు లేదు. అయినా అక్కడ కనానులో ఒక తండ్రి ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకున్నాడు. ఏళ్ళ తరువాత చెరసాలలో తోటి ఖైదీలకు తనను పరిచయం చేసుకొంటూ యూసుఫ్ (అలై) చెప్పింది ఎవరి పేర్లు? తన తాతముత్తాతలైన ఇబ్రాహీమ్, ఇస్హాఖ్‌ల పేర్లు, తన తండ్రి యాఖూబ్ పేరు. దేశం మారింది, భాష మారింది, యజమాని మారాడు. తండ్రి మాత్రం మారలేదు.

రెండవవారు హజ్రత్ మూసా (అలై). కన్నతల్లి ప్రాణభయంతో బిడ్డను పెట్టెలో పెట్టి నదిలో విడిచింది. ఆ బిడ్డ చేరింది సాక్షాత్తూ ఫిరౌను అంతఃపురం. కొడుకుగా పెంచుకొందామని ఫిరౌను భార్య ముచ్చటపడింది. అంతకంటె భోగభాగ్యాలు గల ఇల్లు ఆనాడు మరొకటి లేదు. కాని అల్లాహ్ ఏమి చేశాడో చూడండి. ఏ దాది పాలూ ఆ శిశువు తాగకుండా చేశాడు. వెంట నడిచివచ్చిన అక్క చేత దారి చూపించాడు. బిడ్డను మళ్ళీ కన్నతల్లి ఒడికే చేర్చాడు. ఆమె కన్నులు చల్లబడాలనీ, ఆమె దుఃఖపడకూడదనీ అలా చేశానని స్వయంగా తెలిపాడు. రాజభవనంలోని ఐశ్వర్యం కంటె ఒక పేద తల్లి కన్నీరు అల్లాహ్ వద్ద బరువైనది. ఈ మాట మనసులో ఉంచుకోండి. మరల దీని దగ్గరికి వద్దాం.

మూడవవారు హజ్రత్ జైద్ బిన్ హారిసా (రజి). ఈయన గాథ మన అంశానికి ప్రాణం వంటిది. జైద్ కల్బ్ తెగవారి బాలుడు. తల్లి వెంట ఆమె పుట్టింటివారిని చూడబోతుండగా దోపిడీదారులు ఎత్తుకుపోయి ఉకాజ్ సంతలో అమ్మారు. హకీమ్ బిన్ హిజామ్ కొని తన మేనత్త ఖదీజా (రజి) కు ఇచ్చారు. వివాహానంతరం ఆమె ఆ బాలుణ్ణి ముహమ్మద్ (స) వారికి ఇచ్చారు. అది ఇంకా ప్రవక్త పదవి లభించని కాలం. అక్కడ తండ్రి హారిసా కొడుకు కోసం ఎడారులన్నీ వెతికాడు. హజ్‌కు వచ్చిన తమ తెగవారు మక్కాలో బాలుణ్ణి గుర్తుపట్టి కబురు చేయగా, తమ్ముడు కాబ్‌ను వెంటబెట్టుకొని, విడుదల సొమ్ముతో పరుగున వచ్చాడు.

అప్పుడు ముహమ్మద్ (స) ఏమన్నారు? కొన్నానన్నారా? ఇన్నేళ్ళు సాకానన్నారా? అదేమీ లేదు. పిల్లవాణ్ణే పిలిచి అడుగుదాం, తండ్రితో వస్తానంటే ఒక్క నాణెం కూడా తీసుకోకుండా పంపిస్తానన్నారు. జైద్ తానుగా ఆయన వద్దనే ఉంటానన్నారు. ఆయన జైద్‌ను కాబా ప్రాంగణానికి తీసుకెళ్ళి, నలుగురి ఎదుట, ఇతడు నా కుమారుడని ప్రకటించారు. తండ్రి మనసు కుదుటపడి వెళ్ళిపోయాడు. నాటినుంచి ప్రజలు జైద్‌ను ముహమ్మద్ కుమారుడనే పిలిచారు.

ఆ పిలుపు కంటె గొప్ప గౌరవం లోకంలో ఏముంది? అయినా మదీనాలో సూరా అహ్‌జాబ్‌లోని ఆయతులు అవతరించాయి. పెంపుడు కొడుకులు నోటిమాటతో కన్నకొడుకులు కారనీ, వారిని వారి తండ్రుల పేర్లతోనే పిలవడం అల్లాహ్ దృష్టిలో న్యాయమనీ, తండ్రులెవరో తెలియకపోతే వారు మీకు ధర్మసోదరులనీ అందులో ఆదేశం వచ్చింది. ఆనాటినుంచి ఆయన తిరిగి జైద్ బిన్ హారిసా అయ్యారు. కొడుకు కోసం ఎడారులు గాలించిన హారిసా పేరు, ప్రళయం వరకూ నిలిచేలా కొడుకు పేరు పక్కకు వచ్చి చేరింది.

ఇందువల్ల జైద్‌పై ప్రేమ తగ్గిందా? తగ్గలేదు. ప్రవక్త (స) ఆయనను సైన్యాలకు నాయకునిగా పంపారు. హిజ్రీ 8వ సంవత్సరంలో మూతా యుద్ధభూమిలో నాయకత్వ పతాకాన్ని పట్టుకొనే ఆయన అమరులయ్యారు. ఆయన కుమారుడు ఉసామా (రజి) ప్రవక్త (స) వారికి ఎంతో ప్రియమైనవారు. సహచరులందరిలో ఖుర్ఆన్‌లో పేరుతో పేర్కొనబడినవారు జైద్ (రజి) ఒక్కరే. ప్రేమకు అబద్ధపు పేరు అవసరం లేదని దీనివల్ల తెలుస్తున్నది.

సోదరులారా! కనుక ఇస్లామ్ అనాథను ఇంటికి తెచ్చుకోవడాన్ని నిషేధించిందని చెప్పేవారు పొరబడుతున్నారు. అనాథను పోషించేవాడు స్వర్గంలో తనకు ఎంత చేరువలో ఉంటాడో ప్రవక్త (స) పక్కపక్కనున్న రెండు వేళ్ళు చూపి చెప్పారు. మన ధర్మం వద్దన్నది ఒక్కటే: బిడ్డ ఎవరి బిడ్డో తుడిచివేయడం. పోషించే ఈ బాధ్యతను మన పండితులు కఫాలా అంటారు. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 20వ అధికరణం, కుటుంబాన్ని కోల్పోయిన పిల్లల సంరక్షణ మార్గాలలో దత్తతతో పాటు ఇస్లామీయ కఫాలాను కూడా పేరుపెట్టి చెప్పింది. మొరాకో, అల్జీరియా వంటి దేశాలలో కఫాలా చట్టరూపంలో అమలులో ఉన్నది.

కఫాలాలో మూడు విషయాలు మరవరాదు.

ఒకటి, పేరు. మన ప్రాంతంలో జాన్‌పహాడ్ తెలియనివారు లేరు. అక్కడి సైదుల మీది అభిమానంతో మతంతో నిమిత్తం లేకుండా సైదులు, సైదమ్మ అనే పేర్లు ఇంటింటా వినిపిస్తాయి. బిడ్డకు ఏ మంచి పేరైనా పెట్టుకోండి, ఏ ముద్దుపేరుతోనైనా పిలుచుకోండి. కాని "నీ తండ్రి ఎవరు?" అన్న ప్రశ్నకు మాత్రం అబద్ధం నేర్పకండి. తెలిసి తెలిసి మరొకరిని తండ్రిగా చెప్పుకోవడాన్ని ప్రవక్త (స) ఎంతో తీవ్రంగా హెచ్చరించారు.

రెండు, మహ్రమ్ నియమం. పెంచినంత మాత్రాన రక్తసంబంధం ఏర్పడదు. అయితే బిడ్డకు రెండేళ్ళు నిండకముందే ఆ ఇంటి ఇల్లాలు తన పాలు ఇస్తే ఆమె పాలతల్లి అవుతుంది, ఆమె పిల్లలు తోడబుట్టినవారవుతారు. ఇంటి ఇల్లాలికి వీలుకాకపోతే ఆమె తోడబుట్టినదైనా పాలు ఇవ్వవచ్చు. అప్పుడు ఇల్లాలు పిన్ని వరుసో, పెద్దమ్మ వరుసో అవుతుంది. చిన్ననాడే ఈ ఏర్పాటు చేసుకొంటే పెద్దయ్యాక ఒకే ఇంట్లో ఇబ్బంది ఉండదు.

మూడు, ఆస్తి. పెంపుడు బిడ్డ వారసత్వపు వాటాలలోకి రాడు. అంతమాత్రాన చేతులు దులుపుకోవడానికి వీలులేదు. జీవించి ఉండగానే హిబా రూపంలో ఇవ్వవచ్చు. ఆస్తిలో మూడవ వంతు వరకు వీలునామా రాయవచ్చు. ఇరవై ఏళ్ళు నాన్నా అని పిలిపించుకొని, పోయేనాడు ఆ బిడ్డను వీధిలో నిలబెట్టినవాడు షరీఅతు చాటున దాక్కోలేడు. ఇక ఆ బిడ్డకు కన్నవారినుంచి సంక్రమించిన సొమ్ము ఏదైనా ఉంటే, అందులో పైసా ముట్టడం కడుపులో నిప్పు నింపుకోవడమేనని ఖుర్ఆన్ హెచ్చరించింది.

ప్రియ సోదరులారా! ఇంతసేపూ వేల ఏళ్ళనాటి గాథలు చెప్పుకున్నాం. ఉకాజ్ సంత ఆనాటితో పోలేదు. అది మన గడప దాకా వచ్చింది. మనది 2016 వరకు నల్లగొండ జిల్లా. సాగర్ ఎడమ కాలువ నీటితో మన పొలాలు పచ్చగా ఉంటే, అదే జిల్లాకు పడమటి కొసన దేవరకొండ మెట్ట ప్రాంతంలోని తండాలు కరువుతో అల్లాడేవి. ఆ లంబాడీ తండాలనుంచి ఆడశిశువులను కొని, దత్తత పేరుతో విదేశాలకు పంపుతున్న వైనం 1999లోను, మరల 2001లోను బయటపడింది. హైదరాబాదులోని కొన్ని దత్తత సంస్థలపై పోలీసు కేసులు నడిచాయి. తల్లి చేతిలో పడింది వందలు, మహా అయితే కొన్ని వేల రూపాయలు. బిడ్డను తీసుకొన్న విదేశీ దంపతులు చెల్లించింది వేల డాలర్లు. నడుమనున్నవారు తిన్నది ఆ రెండింటి తేడా.

ఆ తల్లులను నిందించడానికి మనమెవరం? ఒకప్పుడు లంబాడీలలో వరుని వైపువారే వధువు ఇంటికి ధనమిచ్చే ఆచారం ఉండేది. అది పోయి వరకట్నం వచ్చింది. భూమి లేదు, వాన లేదు, మూడవసారీ ఆడపిల్లే పుట్టింది. అటువంటి ఇంటి ముందు దళారి వచ్చి నిలబడితే వేలిముద్ర పడడానికి ఎంతసేపు?

దాటించబడిన పిల్లలందరూ శిశువులు కారు. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో న్యాయశాస్త్రం బోధించే డేవిడ్ స్మోలిన్ దంపతులు 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఇద్దరు అక్కచెల్లెళ్ళను దత్తత తీసుకొన్నారు. కాగితాలన్నీ సక్రమంగానే కనిపించాయి. కాని ఆ పిల్లలు ఆ ఇల్లు చేరిన కొద్దికాలానికే, తమను తల్లినుంచి అన్యాయంగా వేరుచేశారని చెప్పారు. చదువుకోసం, ఆశ్రయంకోసం ఆమె వారిని ఒక సంస్థలో ఉంచిందేగాని వదులుకోలేదు. కన్నవారి ఆచూకీ దొరకడానికి ఏళ్ళు పట్టింది. ఆ తరువాత ఆయన, కన్నవారున్న పిల్లలను కాగితాలమీద అనాథలుగా మార్చే ఈ వ్యవహారం గురించి అనేక వ్యాసాలు రాశారు. పెంచిన తండ్రే, ఈ పిల్లలకు మరొక తల్లి ఉన్నది, ఆమెకు న్యాయం జరగాలి అని ప్రపంచానికి చాటాడు. ఆయన మన మతస్థుడు కాడు. అయినా హారిసా ముందు ముహమ్మద్ (స) చూపిన న్యాయబుద్ధి ఎలాంటిదో అర్థం చేసుకోవడానికి ఈ ఉదాహరణ మనకు ఉపకరిస్తుంది.

అల్లాహ్ మనందరికీ న్యాయంగా నడిచే బుద్ధిని ప్రసాదించుగాక! నా కొరకు, మీ కొరకు అల్లాహ్‌ను క్షమాభిక్ష వేడుకుంటున్నాను. మీరూ వేడుకోండి.

రెండవ ప్రసంగం

అల్లాహ్‌కు స్తోత్రాలు, ఆయన ప్రవక్త (స) పై శాంతి, శుభాలు కలుగుగాక!

సోదరులారా! విన్నదాన్ని ఆచరణలో పెట్టడానికి కొన్ని విషయాలు తెలుసుకుందాం.

మొదటిది, చట్టం. 1982లో లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది రాసిన ఉత్తరాన్ని విచారణకు తీసుకొని, 1984లో సుప్రీంకోర్టు విదేశీ దత్తతలకు నియమాలు ఏర్పరచింది. 2003లో భారతదేశం అంతర్దేశీయ దత్తతలకు సంబంధించిన హేగ్ ఒడంబడికను ధ్రువీకరించింది. బిడ్డకు మొదట స్వదేశంలోనే కుటుంబాన్ని వెతకాలి, అది సాధ్యం కానప్పుడే దేశం దాటించాలి అన్నది వీటన్నిటి సారాంశం. నేడు 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, 'కారా' అనే కేంద్ర సంస్థ ద్వారానే దత్తత జరగాలి. బిడ్డను వదులుకొంటున్నామని సంతకం చేసిన తల్లిదండ్రులకు సైతం, మనసు మార్చుకోవడానికి 60 రోజుల గడువు ఉన్నది. పెద్దయిన దత్తపుత్రులకు తమ మూలాలు వెతుక్కొనే మార్గం కూడా నియమాలలో ఉన్నది. ఆస్పత్రి వరండాలో, దళారి ఇంట్లో, నోటరీ కాగితం మీద జరిగేది దత్తత కాదు, నేరం.

ముస్లిములమైన మనకు దారి ఏది? 2014 ఫిబ్రవరిలో షబ్నమ్ హాష్మీ కేసులో సుప్రీంకోర్టు, ఏ మతస్థులైనా బాలల న్యాయ చట్టం కింద దత్తత తీసుకోవచ్చునని, అయితే అది ఎవరిపైనా నిర్బంధం కాదని చెప్పింది. వ్యక్తిగత ధర్మశాస్త్రాన్ని అనుసరించదలచినవారు 1890 నాటి సంరక్షకుల చట్టం కింద కోర్టు ద్వారా బిడ్డకు సంరక్షకులు కావచ్చు. ఈ మార్గం కఫాలాకు దగ్గరగా ఉంటుంది. ఎవరు ఏ మార్గాన నడిచినా, ముందుగా తెలిసిన ఆలిమ్‌ను, న్యాయవాదిని సంప్రదించి అడుగు వేయాలి.

రెండవది, విదేశంలోని బంధువులకు బిడ్డను ఇవ్వడం. పెదనాన్న, చిన్నాన్న, మేనత్త, మేనమామ, పిన్ని, పెద్దమ్మ, తాత అవ్వలను చట్టం బంధువులుగా గుర్తించింది. వారికి ప్రత్యేక పద్ధతి ఉన్నది. అది వదలి, పురుడు పోసుకొనే నాడే జనన ధ్రువపత్రంలో పెంచుకొనేవారి పేర్లు తల్లిదండ్రులుగా రాయించడం కొందరు తేలికైన దారి అనుకొంటారు. అది సర్కారు కాగితం మీద రాసిన అబద్ధం, అల్లాహ్ ఆజ్ఞకు ఎదురు నిలిచే అబద్ధం. రేపు ఆ బిడ్డ నికాహ్‌నాడు ఏ తండ్రి పేరు చదువుతారు? తెలియక సొంత అన్నదమ్ముల మధ్య, అక్కచెల్లెళ్ళ మధ్య సంబంధం కుదిరితే ఆ పాపం ఎవరిది? కన్నతల్లి ఫోను చేస్తే "ఇండియాలో ఉండే ఆంటీ" అని పరిచయం చేసే ఇల్లు, ఆ తల్లి ఒడిని రెండోసారి ఖాళీ చేస్తున్నది.

మూడవది, యుద్ధభూముల అనాథలు. మీ దయను మేము గౌరవిస్తాం. కాని కల్లోలంలో ఒంటరిగా దొరికిన పిల్లలందరూ అనాథలు కారు. తల్లి మరో శిబిరంలో ఉండవచ్చు, తాత మరో పట్టణంలో ఉండవచ్చు. 2004 డిసెంబరు నాటి సునామీ తరువాత ఇండోనేషియా ప్రభుత్వం అచే ప్రాంతపు పిల్లలను దేశం దాటించడాన్ని నిషేధించింది ఈ కారణంచేతనే. అక్కడి బిడ్డకు అక్కడే, వారి మేనమామ ఇంట్లోనే అన్నం అందేలా నమ్మదగిన మార్గంలో సహాయం చేయండి. అదీ కఫాలాయే.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది. మూసా (అలై) తల్లిని గుర్తుచేసుకోండి. పేద తల్లినుంచి బిడ్డను తీసుకొని పెంచడం పుణ్యమైతే, ఆ తల్లి బిడ్డను వదులుకోవలసిన అవసరమే రాకుండా చేయడం అంతకంటె పెద్ద పుణ్యం. మన మొహల్లాలో భర్త పోయిన స్త్రీలు ఎందరున్నారో లెక్క తీద్దాం. ఆర్థిక స్తోమత లేని కుటుంబాలలో తండ్రిలేని పిల్లలకు, మరికొందరు నిస్సహాయ బాలలకు 'మిషన్ వాత్సల్య' కింద నెలకు 4,000 రూపాయల సహాయం పొందే వీలున్నది. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు చేయాలి. చదువురాని తల్లికి ఆ దరఖాస్తు నింపిపెట్టడం, సూర్యాపేట వరకు తోడు వెళ్ళడం మన యువకులు చేయగల పని. జకాతు ఇచ్చేవారు జకాతులో ఒక భాగాన్ని ఇటువంటి ఇళ్ళకు క్రమం తప్పకుండా చేర్చండి. తండాలో గాని, బస్తీలో గాని పసిబిడ్డ అమ్మకం జరుగుతున్నదని తెలిస్తే 1098 నంబరుకు తెలియజేయండి. ఆ బిడ్డ లంబాడీ బిడ్డా, ముస్లిం బిడ్డా అని చూడకండి. సజీవంగా పాతిపెట్టబడిన ఆడశిశువును ఏ పాపానికి చంపారని ప్రళయదినాన అడగడం జరుగుతుందని ఖుర్ఆన్ చెప్పినప్పుడు, ఆ శిశువు ఏ తెగదో చెప్పలేదు.

ఐదవది, చేదైనా చెప్పక తప్పని మాట. తండాలలో కట్నం ఆడపిల్లను భారం చేసిందని విన్నాం. మన ఇళ్ళలో? మెహర్ ఇవ్వవలసిన మనం, 'జోడే కీ రఖమ్' పేరుతో చెయ్యి చాపుతున్నాం. నికాహ్ ఖర్చుకు భయపడి మూడవ కూతురు పుట్టగానే ముఖం చిన్నబుచ్చుకొనే తండ్రిని తయారుచేస్తున్నది ఆ చెయ్యే. కొడుకు పెళ్ళిలో కట్నం వద్దన్న ప్రతి ఇల్లూ, ఎక్కడో పుట్టబోయే ఒక ఆడపిల్లను తల్లి ఒడిలో నిలబెడుతుంది.

సంతానం లేని దంపతులారా! మీ బాధ మాకు తెలియనిది కాదు. హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై), హజ్రత్ జకరియ్యా (అలై) వృద్ధాప్యం వరకూ సంతానం కోసం చేతులు చాచినవారే. మీ ఇల్లు తెరవండి, మనసు తెరవండి, చట్టబద్ధంగా, షరీఅతు హద్దులలో ఒక బిడ్డకు నీడనివ్వండి. ఆ బిడ్డతో చిన్ననాటినుంచే నిజం చెప్పండి. "నిన్ను కన్నవారు వేరు, నిన్ను అల్లాహ్ మాకు అప్పగించాడు" అన్న మాట ప్రేమతో చెబితే బిడ్డ మనసు విరగదు. దాచిపెట్టి, ఇరవయ్యవ ఏట పరాయివాళ్ళ నోట వింటే విరుగుతుంది.

ఓ అల్లాహ్! తల్లులకు దూరమైన బిడ్డలను తల్లుల వద్దకు చేర్చు. తల్లిదండ్రులు లేనివారికి దయగల ఇళ్ళు చూపించు. సంతానం కోరుకొనేవారి కన్నులకు చల్లదనం ప్రసాదించు. పసిపిల్లలను బేరం పెట్టే చేతులను అడ్డుకొనే ధైర్యం మాకివ్వు. నీవు అప్పగించిన అమానతును తీసుకొన్నవారి పేరుతో సహా భద్రంగా తిరిగి అప్పగించే భాగ్యాన్ని మాకు కలుగజేయి. ఆమీన్.